చక్రమువంటి గ్రామము

వ్యవసాయము ఒంటరివాని పని కాదు. నాగలి పట్టువాడు ఒక్కడే యైనను, విత్తనము మొలకెత్తి, పైరై, ధాన్యమై ఇల్లు చేరువరకు ఎందరి చేతులో దానికి తోడుపడవలెను. తొలకరి వాన కురిసి, నేల పదునెక్కి, విత్తుటకు నాలుగే దినములు వ్యవధి యున్న సమయమున రైతు జ్వరముతో మంచము పట్టినచో ఆ యేటి పంట యేమి కావలెను? రైతుకు జ్వరము తగ్గువరకు పదును ఆగియుండదు. ఇరుగుపొరుగులు మంచివారైనచో వచ్చి సాయపడుదురు. కాని వారికిని పొలములున్నవి. వారి పదునును ఆరిపోవుచునే యుండును. తన పని విడిచి పరుల పని చేయుటకు మనస్సు అన్ని వేళల ఒప్పుకొనదు.

ఈ చిక్కు ఏ ఒక్క దేశమునకో చెందినది కాదు. సేద్యము చేయు ప్రతి గ్రామమును దీనిని ఎరుగును. మన పల్లెలలో ఒకరి చేనికి ఒకరు బదులు పోవు ఆచారము ఇందువలననే పుట్టినది. ఐతే బదులు పోవుట మంచితనముమీదను, మొగమాటముమీదను ఆధారపడిన పద్ధతి. దానిని ఊరంతకును చెల్లు కట్టుబాటుగా మార్చి, ఆ కట్టుబాటుమీదనే ఒక గ్రామమును కట్టవలెనని నూరేండ్ల క్రిందట కొందరు పూనుకొనిరి. వారు కట్టిన గ్రామము పేరు నహలాల్.

నహలాల్ ఇశ్రాయేలు దేశపు ఉత్తరభాగమున, యెజ్రెయేలు లోయలో, నజరేతు పట్టణమునకు పడమటి దిక్కున ఉన్నది. 1921వ సంవత్సరము సెప్టెంబరు 11వ తేదీన యూదు వలసదారులు దానిని స్థాపించిరి. నాటికి ఇశ్రాయేలు రాజ్యము ఏర్పడలేదు. ఆ ప్రాంతమును పాలస్తీనా అనెడివారు. మొదటి ప్రపంచ యుద్ధమునకు పూర్వము అది తురుష్క సామ్రాజ్యములోని భాగము. యుద్ధము ముగియునాటికి బ్రిటిషువారి వశమయ్యెను. నహలాల్ అను పేరు క్రొత్తది కాదు. యూదుల ప్రాచీన గ్రంథములలో ఒకటియైన యెహోషువ గ్రంథమున ఆ పేరుగల ఊరు కనబడుచున్నది.

ఆ గ్రామమును స్థాపించినవారు పుట్టుకచే రైతులు కారు. వారిలో పెక్కుమంది రష్యా సామ్రాజ్యములోని చిన్న పట్టణములలో పుట్టి పెరిగినవారు. ఆ సామ్రాజ్యమున 1882వ సంవత్సరమున వెలువడిన శాసనములు యూదులు పల్లెలలో క్రొత్తగా నివాసమేర్పరచుకొనుటను, భూములు కొనుటను నిషేధించినవి. తరచుగా అల్లరిమూకలు వారి ఇండ్లపైబడి దోచుకొనుటయు, ప్రాణములు తీయుటయు జరుగుచుండెను. అట్టి బ్రతుకు భరింపలేక లక్షలకొలది యూదులు దేశము విడిచిరి. అత్యధికులు అమెరికాకు పోయిరి. తమ పూర్వికుల దేశమైన పాలస్తీనాకు పోయి, అచట మట్టిని నమ్ముకొని జీవింపవలెనని తలచినవారు కొద్దిమంది మాత్రమే. తరతరములుగా నాగలి ముట్టని కుటుంబములనుండి వచ్చిన ఆ యువకులకు పారయు, గునపమును క్రొత్త, ఎండ క్రొత్త, మలేరియా జ్వరము క్రొత్త. చేతులు బొబ్బలెక్కి, మరల కాయలు కాచువరకు వారు కూలిపనులు చేసిరి.

అప్పటికే పాలస్తీనాలో కొన్ని యూదు గ్రామములు ఉండెను. వానిలో రైతు తన తోటకు తాను యజమాని. పని మాత్రము ఎక్కువగా కూలివారిది. క్రొత్తగా వచ్చిన యువకులకు ఈ పద్ధతి నచ్చలేదు. పరుల చెమటతో బ్రతుకుటకేనా మనము సముద్రము దాటి వచ్చినది అని వారు ప్రశ్నించిరి. అందుచే 1910వ సంవత్సరమున గలిలయ సరస్సు తీరమున కొందరు దెగానియా అను సమష్టి క్షేత్రమును స్థాపించిరి. అచట భూమి ఉమ్మడి, పశువులు ఉమ్మడి, వంటశాల ఉమ్మడి, సంపాదన ఉమ్మడి. కిబ్బుట్స్ అని నేడు ప్రసిద్ధి చెందిన పద్ధతికి అదియే మొదటిది.

కాలము గడచిన కొలదిని దెగానియాలోనే కొందరి మనస్సులలో మరియొక ఆలోచన మొలకెత్తెను. అన్నియు ఉమ్మడియైనప్పుడు తనదని చెప్పుకొనదగిన మూల ఒకటైనను లేకపోవుట వారికి వెలితిగా తోచెను. తన ఇంట తన బిడ్డలకు తానే వండి పెట్టవలెనని తల్లికి ఉండును. ఏ పొలమున ఏ పైరు వేయవలెనో తానే నిర్ణయింపవలెనని రైతుకు ఉండును. ఈ కోరికలు స్వార్థమా? సమానత్వమునకు ఇవి విరోధములా? ఒకే కుండలో వండుకొనినగాని మనుష్యులు సమానులు కాజాలరా? దెగానియాను విడిచి నహలాలునకు వచ్చినవారిలో ష్మూయేల్ దయాన్ ఒకడు. ఆయన కుమారుడు మోషే దయాన్ 1915వ సంవత్సరమున దెగానియాలో జన్మించి, నహలాలులో పెరిగి, పిమ్మట ఇశ్రాయేలు సేనాధిపతిగాను, మంత్రిగాను ప్రసిద్ధుడయ్యెను.

ఈ ప్రశ్నలకు ఒక రూపము కల్పించినవాడు ఎలియేజెర్ యాఫె. ఆయన అమెరికాలో కొంతకాలము ఉండి వచ్చినవాడు. వ్యవసాయమును శ్రద్ధతో అభ్యసించినవాడు. 1919వ సంవత్సరమున ఆయన ఒక చిన్న పుస్తకమును ప్రకటించి, అందులో క్రొత్త విధమైన శ్రామిక గ్రామమునకు నియమములను వివరించెను. ఆ విధమైన గ్రామమునకు మోషావ్ అని పేరు. దాని నియమములు ముఖ్యముగా నాలుగు.

మొదటిది, భూమి ఎవరి సొంతమును కాదు. అది జాతీయనిధికి చెందును. 1901వ సంవత్సరమున ఏర్పడిన ఆ నిధి విరాళములతో భూములు కొని, 49 సంవత్సరముల కౌలుకు రైతులకు ఇచ్చును. గడువు తీరిన పిమ్మట కౌలును పొడిగింపవచ్చును. రైతు దానిని దున్నుకొనవచ్చును, తన తరువాతివానికి అప్పగింపవచ్చును, ముక్కలుచేసి అమ్ముకొనరాదు. రెండవది, ప్రతివాడును తన పొలమును తన కుటుంబముతో కలిసి తానే సాగుచేసుకొనవలెను; కూలివారిని పెట్టుకొనరాదు. మూడవది, పరస్పర సహాయము. నాలుగవది, ఎరువు, విత్తనము మొదలుకొని ఇంటికి కావలసిన ఉప్పువరకు గ్రామమంతయు కలిసి కొనవలెను. పండిన పంటను, పితికిన పాలను కలిసి అమ్మవలెను.

ఈ నాలుగు నియమములును ఒకదానినొకటి పట్టుకొని నిలిచినవే. కూలివారు లేనిచో ఒక కుటుంబము ఎంత సాగుచేయగలదో అంత భూమి చాలును. కనుక అందరికిని సమానముగా భూమి పంచవచ్చును. కూలివారు లేని ఇంట రైతు జబ్బుపడినచో పని నిలిచిపోవును. కనుక పరస్పర సహాయము తప్పనిసరి యగును. ఒక్కొక్కడు విడివిడిగా బజారునకు పోయినచో వర్తకుడు చెప్పినదే ధర. అందరును కలిసి పోయినచో బేరమాడు బలము వచ్చును. ఒక నియమమును తొలగించినచో మిగిలిన మూడును సడలిపోవును. ఈ సంగతిని యాఫె మొదటనే గ్రహించెను. అది ఎంత నిజమో పెక్కు సంవత్సరముల తరువాత ఆ గ్రామములకు అనుభవమునకు వచ్చెను.

నియమములు కాగితముపై వ్రాయుట సులభము. వానిని నిలుపుటకు నేల కావలెను. నహలాలునకు లభించిన నేల బురదనేల. చుట్టునున్న కొండలనుండి దిగు ఊటనీరు లోయలో నిలిచి చిత్తడిగా మారియుండెను. అచట కాపురముండుట ప్రాణాపాయమని వైద్యులు హెచ్చరించిరి. అందుచే మొదట పురుషులు మాత్రము వచ్చి కొండమీద డేరాలు వేసికొనిరి. స్త్రీలును, పిల్లలును కొంతకాలము నజరేతులో ఉండిరి.

ఆ చిత్తడినేలతో వారు జరిపిన పోరాటమునకును మన తెలుగునాటికిని ఒక సంబంధము కలదు. మలేరియా చెడుగాలివలన కలుగునని పూర్వము ప్రజలు నమ్మెడివారు. 1897వ సంవత్సరము ఆగస్టు 20వ తేదీన రొనాల్డ్ రాస్ అను సైనికవైద్యుడు సికింద్రాబాదులో దోమను కోసి పరీక్షించుచు, దాని కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. ఆ వ్యాధిని వ్యాపింపజేయునది దోమయే యని అంతట స్థిరపడుటకు ఆ పరిశోధన దారి తీసెను. 1902వ సంవత్సరమున ఆయనకు నోబెల్ బహుమానము లభించెను. దోమయే శత్రువని తెలిసిన పిదప మార్గము స్పష్టమయ్యెను. నిలువనీరు లేనిచో దోమ పుట్టదు. నహలాల్ వాసులు నీరు ఊరు తావులను వెదకి, లోతుగా కాలువలు త్రవ్వి, గొట్టములు పరచి, ఆ నీటిని వెలుపలికి పారించిరి. మోకాలిలోతు బురదలో పని; సాయంకాలమునకు జ్వరము; క్వినైను మ్రింగి మరునాడు మరల పని. తుదకు నేల ఆరెను. చిత్తడిగా పడియున్న తావున పైరు నిలిచెను.

ఊరి కట్టడమును నిర్ణయించినవాడు రిచర్డ్ కౌఫ్‌మన్ అను శిల్పి. ఆయన జర్మనీ దేశీయుడు. 1920వ సంవత్సరమున పాలస్తీనాకు వచ్చెను. గ్రామపు నియమములను విని, వానికి తగినట్లుగా ఆయన ఊరిని బండిచక్రమువలె గీచెను. నడిమి కుండవంటి భాగమున అందరికిని చెందిన కట్టడములు ఉండును. వాని చుట్టును ఉపాధ్యాయులు, చేతిపనులవారు మున్నగు సేద్యము చేయనివారి ఇండ్లు. వాని వెలుపల వలయాకారమున రైతుల ఇండ్లు. ఒక్కొక్క ఇంటివెనుక పశువులశాల, దాని వెనుక పొలము, చక్రపు ఆకులవలె నలుదిక్కులకును విచ్చుకొనియుండును. ఇట్టి ఊరిలో మొదటి ఇల్లు, చివరి ఇల్లు అనునవి లేవు. మంచి వీధి, చెడ్డ వీధి అను భేదము లేదు. ఏ రైతు ఇంటినుండి బయలుదేరినను ఊరి నడిబొడ్డునకు నడక ఇంచుమించు ఒక్కటే. విమానమునుండి చూచువారికి నేటికిని ఆ చక్రము స్పష్టముగా కనబడును. పట్టణ నిర్మాణ శాస్త్రమును చదువువారు ఆ పటమును ఇప్పటికిని పరిశీలించుచుందురు.

ఎనుబది కుటుంబములతో ఆ చక్రము నిండెను. కుటుంబమునకు సుమారు 25 ఎకరముల భూమి వచ్చెను. ఒకే పైరును నమ్ముకొనక, గోధుమ, పశుగ్రాసము, కూరగాయలు, పండ్లచెట్లు, కోళ్ళు, పాడియావులు అన్నియు కొద్దికొద్దిగా పెట్టుకొనవలెనని నిర్ణయించుకొనిరి. ఒకటి చెడినను మరియొకటి నిలుచునని వారి ఊహ. ఇంటిల్లిపాదికిని ఏడాది పొడుగున పని ఉండునని మరియొక ఊహ. పాలు ప్రతిదినమును డబ్బు తెచ్చును. కాని పాలు నిలువ ఉండునవి కావు. తెల్లవారునప్పటికి పట్టణము చేరవలెను. ఒక్కొక్క రైతు ఒక్కొక్క బిందెతో నగరమునకు పోజాలడు. 1926వ సంవత్సరమున ఇట్టి గ్రామములవారును, కిబ్బుట్స్‌లవారును కలిసి తనూవా అను సహకార విక్రయసంస్థను ఏర్పరచుకొనిరి. దానిని నెలకొల్పుటకు పాటుపడినవారిలో ఎలియేజెర్ యాఫెయు ఒకడు.

గ్రామపరిపాలన సర్వసభ్య సమావేశము చేతిలో ఉండెను. స్త్రీపురుషులందరును అందులో కూర్చుండి కార్యవర్గమును ఎన్నుకొనెడివారు. ఒక రైతు జబ్బుపడినచో కార్యవర్గమువారు ఊరివారిలో వంతులు వేసెడివారు. నేడు ఇతడు, రేపు అతడు రోగి పొలమునకు పోయి దున్నవలెను, ఆవులను పితుకవలెను. వెళ్ళినవాడు దయచేత వెళ్ళినట్లు కాదు. తన వంతు చేసినట్లు. పొందినవాడు యాచించినట్లు కాదు. తనకు రావలసినది పొందినట్లు. ఈ భేదము చిన్నదిగా తోచును. కాని సాయమడుగుటకు సిగ్గుపడి పంట పోగొట్టుకొన్న రైతులు ఎన్ని గ్రామములలో లేరు? ఆ సిగ్గును తొలగించుటయే ఈ కట్టుబాటులోని గొప్పతనము.

స్త్రీల పాలు ఇందులో తక్కువ కాదు. పెరటితోట, కోళ్ళు, ఆవులు పెక్కు ఇండ్లలో వారి చేతిమీదనే నడచినవి. ఇంటిపనికి తోడుగా పొలముపని చేయు స్త్రీకి శాస్త్రీయమైన శిక్షణ అవసరమని గుర్తించి, హన్నా మైజెల్ అను విదుషి నహలాలులో బాలికలకు వ్యవసాయ పాఠశాలను నెలకొల్పెను. హంగెరీ దేశమునుండి వచ్చిన హన్నా సెనెష్ అను యువతి 1939వ సంవత్సరమునుండి రెండేండ్లు అచట చదివెను. రెండవ ప్రపంచ యుద్ధకాలమున ఆమె శత్రువుల ఆక్రమణలోనున్న ఐరోపాలో పారాచూట్ సాయముతో దిగి, పట్టుబడి, 1944వ సంవత్సరమున మరణదండనకు గురియైనది.

ఇంతవరకు చెప్పినది వినువారికి ఆ గ్రామము స్వర్గతుల్యమని తోచవచ్చును. అట్లు తలచుట పొరపాటు. సమానముగా భూమి పంచవచ్చునుగాని, ఓపికను, నేర్పును సమానముగా పంచుట ఎవరితరము? ఒకని ఆవులు ఎక్కువ పాలిచ్చును. మరియొకని ఇంట పనిచేయు చేతులు తక్కువ. పొలమును ముక్కలు చేయరాదను నియమమువలన నలుగురు బిడ్డలున్న ఇంట ఒక్కనికే సేద్యము దక్కును. తక్కిన ముగ్గురును వేరు దారి చూచుకొనవలెను. తాతలనాటి పది ఎకరములు మనుమలనాటికి పది చెక్కలై, ఏ చెక్కయు ఒక కుటుంబమును పోషింపలేక పోవుటను మన రైతులు ఎరుగుదురు. ఆ కష్టమును నహలాల్ తప్పించుకొనినది. కాని, పుట్టి పెరిగిన ఊరిలో తమకు చోటు లేదని తెలిసికొన్న బిడ్డల కష్టమును తప్పించుకొనలేకపోయినది. ప్రతి నియమమునకును ఒక మూల్యము ఉన్నది.

ఆ భూమికి మరియొక కథయు కలదు. దానిని విడిచిపెట్టి నహలాలును గూర్చి చెప్పుట సగము సత్యమే చెప్పినట్లగును. లోయలోని ఆ భూములను జాతీయనిధి కొనినది బీరూటు నగరమున నివసించు సుర్సుక్ అను ధనిక కుటుంబమువద్ద. పత్రములు ధర్మప్రకారమే వ్రాయబడినవి, సొమ్ము చెల్లింపబడినది. కాని పత్రములపై పేరున్నవారు నగరమున ఉండిరి. నేలను దున్నుచున్నవారు అరబ్బు కౌలుదార్లు. భూమి అమ్ముడుపోవుటతో లోయలోని పెక్కు కౌలుదార్ల కుటుంబములు తరలిపోవలసి వచ్చెను. కొందరికి కొంత పరిహారము ముట్టినను, పరిహారము పొలము కాజాలదు. జమీందారు పట్టణమునను, దున్నువాడు పొలమునను ఉన్న కాలమును చూచిన మన దేశమున ఈ మాటకు అర్థము విప్పి చెప్పనక్కరలేదు.

నహలాల్ ఉన్న తావున పూర్వము మహ్లూల్ అను అరబ్బు గ్రామము ఉండెను. సమీపముననున్న మఅలూల్ గ్రామవాసులు 1948వ సంవత్సరపు యుద్ధకాలమున ఊరు విడిచిపోవలసివచ్చి, మరల తమ ఇండ్లకు చేరుకొనలేకపోయిరి. నహలాలులో పెరిగిన మోషే దయానే 1969వ సంవత్సరమున విద్యార్థులతో మాటలాడుచు, మహ్లూల్ ఉన్నచోట నహలాల్ వెలసినదని బహిరంగముగా చెప్పెను. ఇరుగుపొరుగులు ఒకరినొకరు ఆదుకొనుటకై గీచుకొన్న ఆ చక్రమున ఈ పొరుగువారికి చోటు దొరకలేదు. సహకారమును మెచ్చుకొనువారు ఆ సహకారము ఎవరివరకు చేరినది, ఎవరివద్ద ఆగినది అని కూడ అడుగవలెను.

1948వ సంవత్సరమున ఇశ్రాయేలు రాజ్యము ఏర్పడిన పిమ్మట అనేక దేశములనుండి యూదులు లక్షలకొలది వచ్చి చేరిరి. వారికి ఇల్లును, పనియు చూపుటకు ప్రభుత్వము నహలాల్ పద్ధతిని ఎన్నుకొనెను. కొద్ది సంవత్సరములలోనే రెండువందలకు పైగా మోషావులు వెలసినవి. యెమెన్, మొరాకో, ఇరాక్, రుమేనియా దేశములవారు వానిలో స్థిరపడిరి. మన దేశమునుండి వెళ్ళినవారును వారిలో ఉన్నారు. కేరళలోని కొచ్చిన్ ప్రాంతమున అనేక శతాబ్దములుగా హిందువులతోను, క్రైస్తవులతోను, ముస్లిములతోను సామరస్యముతో జీవించిన యూదులు 1954వ సంవత్సరమున నెగెవ్ ఎడారిలోని నెవాతిం అను మోషావునకు చేరిరి.

కొబ్బరిచెట్ల నీడలో, వాగులు వంకల నడుమ, చిన్న వర్తకములతో బ్రతికినవారికి ఎడారిలో సేద్యమనగా ఎంతటి మార్పో ఊహింపవచ్చును. నహలాలును స్థాపించినవారు ఏండ్లతరబడి తర్కించి, తమ నియమములను తామే వ్రాసికొనిరి. వీరికి నియమములు ముందుగనే వ్రాసి ఇయ్యబడినవి. ఐనను వారు పట్టు విడువలేదు. క్రమముగా కోళ్ళ పెంపకము, పూల పెంపకము నేర్చుకొనిరి. నేడు నెవాతింలో కొచ్చిన్ యూదుల ప్రార్థనామందిరమును, వారి పూర్వజీవితమును తెలుపు ప్రదర్శనశాలయు ఉన్నవి.

మోషావులకు గొప్ప పరీక్ష బురదవలన రాలేదు, ఎడారివలన రాలేదు, అప్పువలన వచ్చెను. 1980వ దశకమున ఇశ్రాయేలులో ధరలు విపరీతముగా పెరిగెను. 1984వ సంవత్సరమున ఆ పెరుగుదల నాలుగువందల శాతమును మించెను. 1985వ సంవత్సరమున ప్రభుత్వము ధరలను అదుపు చేయగా, వడ్డీలు భరింపరానివయ్యెను. గ్రామములు సంఘముల పేర పెద్దమొత్తములు అప్పు చేసియుండెను. ఆ అప్పులకు సభ్యులందరును ఒకరికొకరు హామీ. జ్వరము వచ్చినవాని పొలమును దున్నుటకు ఏర్పడిన కట్టుబాటే ఇప్పుడు మరియొక ముఖము చూపెను. జాగ్రత్తగా నడచుకొని ఒక్క కాసైన అప్పుపడని రైతు సైతము పొరుగువాని అప్పునకు బాధ్యుడయ్యెను. పొరుగువాడు సోమరియై అప్పుపడెనా, దురదృష్టవశమున అప్పుపడెనా అను విచారణ మొదలయ్యెను. ఒకరినొకరు నమ్మినవారు ఒకరినొకరు లెక్కలడుగ సాగిరి.

తుదకు 1992వ సంవత్సరమున ప్రత్యేక శాసనము చేసి ఆ అప్పులను పరిష్కరించుటకు దారి చూపవలసి వచ్చెను. పెక్కు గ్రామములలో ఉమ్మడి క్రయవిక్రయములు తగ్గిపోయెను. స్వయముగానే సాగుచేయవలెనను నియమమును సడలెను. థాయిలాండునుండి వచ్చిన కూలివారు పొలములలో పనిచేయుచుండుట నేడు అచట సాధారణ దృశ్యము. రైతుబిడ్డలలో అనేకులు పట్టణములలో ఉద్యోగములు చేయుచున్నారు. ఒక నియమము తొలగినచో మిగిలినవియు సడలునని మొదటనే గ్రహించిన యాఫె ఆలోచన వృథా కాలేదు. ఆయన 1942వ సంవత్సరముననే మరణించుటచే ఈ సడలుటను చూడలేదు.

అయినచో ఆ ప్రయత్నము విఫలమైనదని తేల్చవచ్చునా? అట్లు తేల్చుట తొందరపాటగును. జ్వరపీడితుల బురదనేల పంటభూమి యైనది. నాగలి ఎరుగని కుటుంబములు రెండు మూడు తరములపాటు తమ చేతులతో తాము పండించుకొని తినినవి. భూమి పంచినప్పుడు సమానముగా పంచవచ్చుననియు, అందరును ఒకే కప్పుక్రింద ఉండకయే ఒకరికొకరు తోడుండవచ్చుననియు వారు ఆచరణలో చూపిరి. అన్నిటికంటె ముఖ్యముగా, సాయము అడుగువాని తల వంగకుండ సాయమందించు మార్గమొకటి కలదని చూపిరి. సహకార సంఘములు ఏర్పరచుకొను ప్రతి ఊరికిని ఈ పాఠము పనికివచ్చును. నమ్మకము ఎంత అవసరమో లెక్క అంత అవసరమను రెండవ పాఠమును దానితోబాటు నేర్చుకొనవలెను.

గ్రామమునకు సమీపమున షిమ్రోన్ అను గుట్టమీద నహలాల్ శ్మశానవాటిక ఉన్నది. తొలితరమువారు అచట విశ్రమించుచున్నారు. మోషే దయాన్ సమాధియు అచటనే ఉన్నది. 2003వ సంవత్సరము ఫిబ్రవరి 1వ తేదీన కొలంబియా వ్యోమనౌక కూలినప్పుడు, మన దేశమున పుట్టిన కల్పనా చావ్లాతోపాటు మరణించిన ఇశ్రాయేలు వ్యోమగామి ఇలాన్ రామోన్ సమాధి కూడ అచట కలదు. ఆ గుట్టనుండి క్రిందికి చూచినచో వలయాకారపు ఊరును, ఆకులవలె పరచుకొన్న పొలములును కనబడును. చక్రము చెక్కుచెదరలేదు. ఐతే శిల్పి గీచిన గీత ఊరికి ఆకారమును మాత్రమే ఇయ్యగలదు. పొరుగువాని పొలమునకు నేడు పోవలెనా, వలదా యను ప్రశ్నకు ఆ ఇండ్లలోని ప్రతి తరమువారును తమకు తామే సమాధానము చెప్పుకొనవలసి యున్నది.